ఒక్క ప్లస్

జిమలగట్ట దవాఖానలో కిటికీ పక్క స్టూలు నాది.
ఇరవై రెండు వానకాలాలు
ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి కూసున్న.
గీమ్సా రంగు నా గోళ్ల సందుల్లోంచి పోదు.
మా ఆవిడ అన్నం పెడుతూ
"నేరేడు పండ్లు తిని వచ్చినవా" అంటది.

ఆ శ్రావణంలో వాగు దాటించి
నులక మంచాన్ని కావడి కట్టి
తలాండి వాళ్ల పిల్లలిద్దరిని మోసుకొచ్చిండ్రు.
ఒకే మంచం, తలలు చెరో దిక్కు.
సైనుకు తొమ్మిదేండ్లు. కుమ్మెకు ఆరు.

అన్న రక్తంలో ఉంగరాలే ఉంగరాలు,
కొన్ని కణాల్లో రెండేసి,
కంసాలి సంచి ఒలికినట్టు.
మూడు ప్లస్‌లు రాసి కింద ఎర్రగీత గీసిన.
చెల్లెకు నూరు చోట్ల వెతికితే ఏడు.
అవీ పసివి, సన్నటివి.
ఒక్క ప్లస్.
సెలైను, సూది, ఫ్యాను కింది మంచం
ముందు అన్నకే పోయినయి.
పిల్ల ఏడవలేదు.
నిద్రపోయింది అనుకున్నం.

రాత్రి రెండింటికి పండ్లు కొరికింది.
కండ్లు తెరిచే ఉన్నయి,
వాటి వెనక ఎవరూ లేరు.

నాకు తెలియని సంగతి కాదు.
నాగపూర్ ట్రైనింగులో, భోజనాల తర్వాతి క్లాసులో
సగం నిద్రలో విన్నదే:
ఫాల్సిపారం పసితనంలోనే పారుతది.
ఒక పూట వయసు పైబడిందంటే
తానున్న కణానికి ముండ్లు మొలిపిస్తది.
పంచె అంచుకు పల్లేరు పట్టినట్టు
నెత్తురు తోవల గోడలకు పట్టుకుంటది.
కొట్టుకుపోతే దారిలో ప్లీహం ఉంటది మరి,
జల్లెడ పట్టుకొని.
కదలకుంటేనే బతుకు.
వాటికి.

వేలికొన మీద నేను పొడిచే చుక్కలోకి
నడిచేవే వస్తయి.
దాక్కున్నవి, ముదిరినవి
తలలో, వెంట్రుకకన్నా సన్నటి సందుల్లో
బండకు నత్తల్లా ఒకదాని మీద ఒకటి.
నేను వాకిట్లో చెప్పులు లెక్కపెట్టి
ఇంట్లో ఇంతే మంది అని రాసిన.

వైవాక్స్ వేరు. దానికి పడుచు కణాలే కావాలి,
దొరికినకాడికి తింటది,
మిగిలింది కాలేయంలో పండుకొని
మరిచిన అప్పులాగ ఏడాదికి వచ్చి తలుపు కొడతది.
దీనికి ముసలి, పడుచు పట్టింపు లేదు.

తెల్లారి ఆ స్లయిడే మళ్లీ పెట్టిన.
ఈసారి ఉంగరాల్ని కాదు, తెల్ల కణాల్ని చూసిన.
వాటి కడుపుల్లో నల్లటి నలుసులు,
పొయ్యి ఆరిన ఇంట్లో మసి.
చాలామంది వండుకొని తిన్న గుర్తు.
నిన్న కూడా అక్కడే ఉన్నయి.
నేను ఏడు లెక్కపెడుతున్న.

సైను ఆ పొద్దున గంజి తాగి
రెండో గిన్నె అడిగిండు.
సగం కొడవలి నెత్తురు వాడిదని తర్వాత తేలింది.
అమ్మ ఇచ్చిందో, నాయన ఇచ్చిండో.
అసొంటి కణం మీద పల్లేరు సరిగ మొలవదట.
చెల్లెకు ఆ వంపు రాలేదు.
ఒకే కడుపు.
ఒకే దోమతెర, దానికి ఒకే చిరుగు.

గడ్చిరోలికి జీపు.
పంతొమ్మిది రోజులు.

ఇప్పుడు ప్లస్‌ల పక్క ఖాళీలో
పెన్సిల్‌తో ఇంకో ముక్క రాస్తున్న:
"మసి ఉన్నది. నిద్ర నిద్రేనా, లేపి చూడండి."
డాక్టర్ సాహెబ్ మొదట్లో నవ్విండు.
ఇప్పుడు ముందు అదే చదువుతడు.

మరుసటి వానకాలం జ్వరాల క్యాంపులో
లైనులో నిలబడి కుమ్మె వచ్చింది,
ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ.
కుడి చెయ్యి పట్టబోతే వెనక్కి దాచుకున్నది.
కుడి చేత్తోనే ఎడమ చేతిని
ఎవరిదో వస్తువులా ఎత్తి
నా బల్ల మీద పెట్టింది.
"దీన్ని పొడువు" అన్నది మాడియాలో,
"దీనికి నొప్పి తెల్వది."

నా చేతిలో సూది.
వెనక ముప్పై మంది లైను.