వాన వెలిశాక గొడుగు

సంత గేటు పక్కన నా గది.
ఒక బల్ల, ఒక కత్తి, సీసం గోడల మధ్య ఒక గిన్నె,
గోడకి మూలకాల పట్టిక, ఒక అంచు చిరిగింది.
బయట, తెల్లారకముందే వరస.
పోలెస్యె అడవి అంతా బుట్టల్లో కూర్చుని
ఫెర్న్ ఆకులు కప్పుకుని వస్తుంది.

ఉస్తీనా ఎప్పుడూ ముందే.
డెబ్బై ఏడేళ్ళు, మగవాళ్ళ రబ్బరు బూట్లు,
మోకాళ్ళ దాకా నాచు తడి.
"ఇవాళ్టివి వేరే చోటివి," అంటుంది.
ప్రతి వారమూ వేరే చోటివే.

కాఫీరంగు టోపీలు, వేలితో నొక్కితే
కమిలినట్టు నీలం తిరిగే కండ.
తరిగి, తూచి, గిన్నె నింపుతాను.
సీసం మూత జరిపితే
పాత తలుపులా మూలుగుతుంది.
పది నిమిషాలు.
ఆ పది నిమిషాలూ నాతో కబుర్లాడుతుంది,
యంత్రం వైపు మాత్రం చూడదు,
మాటల్లేని వియ్యపురాలిలా.

కిలోకి ఐదువందల బెక్రెల్స్ హద్దు.
మూడువేల నాలుగువందల పన్నెండు.

ఒకసారి పట్టిక దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను.
ఇదిగో అవ్వా, పొటాషియం. వాటికి అన్నంలాంటిది.
అదే వరసలో రెండు మెట్ల కింద, సీజియం.
ఒకే ఇంటి పోలిక.
నేల కింద తెల్లదారం ఉందే,
నీ వెంట్రుక కన్నా సన్నం, నీ ఊరి కన్నా పొడుగు,
అది చీకట్లో తడుముకుంటూ
చుట్టమనుకుని లోపలికి పిలిచింది.
వచ్చినవాడు కదల్లేదు.

"గుడ్డిదన్నమాట," అంది ఉస్తీనా.
"మొన్న నేనూ అంతే. ఉప్పనుకుని
క్యాబేజీలో చక్కెర పోశాను."

ఆ వాన ఆమెకి గుర్తుంది.
ఏప్రిల్ చివర. దుంపలు నాటుతున్నారు.
"వెచ్చగా పడింది. గొడుగు ఎవరు తీసుకెళ్తారు,
దుంపలకి అంత మంచి వానైతే?"

గొడుగు అడవి పట్టింది,
ఆలస్యంగా.
వాన వెలిశాక విప్పింది.
ముప్పై మూడు శరత్తులుగా విప్పుతూనే ఉంది
ఎప్పటికప్పుడు కొత్త గొడుగు,
కింద అదే వాన.

ఆకు రాలుతుంది. దారం ఆకుని తింటుంది.
తిన్నదాంట్లో కొంత చెట్టుకిస్తుంది, చెట్టు మళ్ళీ ఆకుకి.
చెల్లని నోటులా చేతులు మారుతుందే గానీ
అడవి గడప దాటదు.
దాటేది ఈ బుట్టల్లోనే.
పొయ్యిలో కట్టెతో కూడా, బూడిదై,
ఆ బూడిద దుంపల మడికి ఎరువై.
ఈ మాట ఆమెకి చెప్పలేదు.
ఒక పూటకి ఒక చెడ్డ కబురు చాలు.

రూలు ప్రకారం పుట్టగొడుగులు పీపాలోకి,
పైన నీలిరంగు మందు నీళ్ళు.
బుట్ట తిరిగిచ్చేదాకా కదలదు, దాన్ని అల్లినవాడు పోయాడు.
"నన్ను కొలువు," అంది చెయ్యి చాచి.
"గిన్నె చాలదు అవ్వా."
"తరుగు."
వరసలో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.
నేనూ నవ్వాను. కత్తి కడిగాను.

ఆదివారం మా అమ్మ ఇల్లు.
ఉప్పేసి ఉడికించి, నీళ్ళు పారబోసింది. మళ్ళీ. మూడోసారి.
మూడు నీళ్ళూ రేగుచెట్టు కాదు, ప్లమ్ చెట్టు మొదట్లోకే,
చెట్టు ఏపుగా ఉంది.
నా లెక్క: ముప్పై ఏళ్ళకి సగం,
ఇంకో ముప్పైకి సగంలో సగం.
అమ్మ లెక్క: మూడు నీళ్ళు.
పళ్ళెంలో వేసి, మీగడ పోసి, పైన సోంపాకు చల్లి
నా ముందుకి తోసింది.
సంచిలో నమూనా సీసా ఉంది. తియ్యలేదు.
రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

సోమవారం, తుంపర.
వరసలో ఒక్కరూ గొడుగు తేలేదు.
ఉస్తీనా ఫెర్న్ ఆకులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.
"ఇవాళ్టివి," అని
ఆగింది.
"చోటు అదే," అంది.

మూత జరిపాను.