తొమ్మిది సెకన్లు

క్లాక్స్‌విక్ రేవు పక్క ప్లాంటులో
సాల్మన్ చేప తక్కెడ మీద పడుకుని ఎదురు చూస్తోంది.
బరువు తేలింది. లేబుల్ రాలేదు.
ఒకటి, రెండు, మూడు...
తొమ్మిదో సెకనుకి ప్రింటరు దగ్గి
కాగితం ముక్క ఉమ్మింది.
"మా ఆయన అబద్ధం ఆడ్డానికి కూడా
ఇంతసేపు ఆలోచించడు" అంది మర్యున్,
చేతి తొడుగులోని మంచు విదిలిస్తూ.

నేను పైన సర్వర్ గదిలో ఉన్నాను,
స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరుతో.
మెమరీ చూశాను, బోలెడు ఖాళీ.
ప్రాసెసరు చూశాను, గోళ్ళు గిల్లుకుంటోంది.
రోగమంతా డిస్కులో.
పిలిస్తే "ఆఁ, వస్తున్నా" అని
వీధి చివరి నుంచి పలుకుతుంది.

పాపం ఆ తూకాల యంత్రానికి
తనకు ఒళ్ళు లేదని తెలియదు.
తన డిస్కు అనుకునేది
ఇంకొకరి డిస్కులో ఒక ఫైలని తెలియదు.
అక్కడే మరో ఆరుగురి కాపురం:
జీతాల లెక్క, చలిగది ఉష్ణోగ్రతలు,
పడవల రాకపోకలు, ఎవరూ తెరవని పాత మెయిలు...
ఏడుగురికీ ఒకటే ముల్లు.
తిరిగే పళ్ళెం మీద అది ఇటు పరుగు, అటు పరుగు,
ఏ విస్తరి ముందూ నిలబడి వడ్డించలేక.

రాత్రి రెండింటికి అందరూ ఒకేసారి బ్యాకప్‌కి లేస్తారు.
ఎవరు పెట్టారో ఆ ముహూర్తం!
తెల్లారి షిఫ్టు మొదలైనా ఆ తోపులాట తెమలదు.
గంటకొకరిని విడదీశాను.
తొమ్మిది, ఏడయింది.
ఎప్పుడో చచ్చిపోయిన కంట్రోలరు వేషంలో తిరుగుతున్న
పాత డ్రైవరుని మార్చాను.
ఏడు, ఆరయింది.
ఆరు దగ్గర మొరాయించింది.

అప్పుడు కనబడ్డాయి ఫోల్డరు అడుగున,
ఒకదాని మీద ఒకటి, పదకొండు స్నాప్‌షాట్లు.
"అప్‌డేట్‌కి ముందు."
"మళ్ళీ ముందు."
"ఇది పక్కా."
"తాకొద్దు. ట్రో."
నాలుగేళ్ళ కిందటివి.
ఒక పెట్టె చిరునామా కావాలంటే
పై పొరని అడగాలి, తెలీదంటుంది,
కింది దాన్ని అడగాలి, ఇంకా కిందికెళ్ళమంటుంది,
పదకొండు గడపలు దిగి
తిరిగి పదకొండు ఎక్కి రావాలి జవాబు.

ట్రోండుర్ కంప్యూటర్లు మానేసి
ఇప్పుడొక వేట ఓడలో వంటవాడు.
శాటిలైట్ ఫోనులో ముందు గాలి హోరు, తర్వాత గిన్నెల చప్పుడు.
"అవింకా ఉన్నాయా?
సోమవారం చెరిపేద్దామనుకున్నానే!"
ఏ సోమవారమో నేను అడగలేదు.

శనివారం ప్లాంటు మూశాక
ఖాళీ జాగా రెండుసార్లు కొలుచుకుని
పూర్తి కాపీ ఒకటి బయట పెట్టుకుని
అన్నిటినీ ఒకటిగా కలిపెయ్యమన్నాను.
నాలుగు శాతం. నాలుగు. నాలుగు.
మధ్యలో ఆపితే అంతే సంగతులు.
బయట పొగమంచు కొండని మింగింది, కక్కింది, మళ్ళీ మింగింది.
తొంభై తొమ్మిది దగ్గర నలభై నిమిషాలు!
కిటికీ అవతల ఒక గొర్రె
నా వంకే చూస్తూ నెమరు వేసింది.

సోమవారం చేప పడేసరికి
లేబుల్ వచ్చి కూర్చుంది.
ఎవరూ తల ఎత్తలేదు.
మధ్యాహ్నం మర్యున్ మెట్లెక్కి వచ్చింది.
"బాగానే చేశావు, రాన్వా.
కానీ ఆ తొమ్మిది సెకన్లలో
సోల్రున్ తన విడాకుల కథ చెప్పేది,
చేపకొక వాక్యం చొప్పున.
జడ్జి నోరు తెరిచిన దగ్గర ఆగిపోయింది.
ఇప్పుడెలా?"

"పదకొండింటికి టీ ఉందిగా" అన్నాను.
"టీ దగ్గర అందరూ వింటారు" అని
రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ దిగిపోయింది.

కొత్త అప్‌డేట్‌కి ముందు
స్నాప్‌షాట్ ఒకటి తీయక తప్పలేదు.
పేరు దగ్గర రాశాను:
"బుధవారం చెరిపెయ్యి. నీకే చెప్పేది, రాన్వా."
కింద బెల్టు పోతూనే ఉంది,
మాట వినబడకుండా.