నేలమీద ఈత

తెల్లవారుజామున మూడూ నలభైకి
వంటింటి పలకల మీద గోళ్ల చప్పుడు.
ఎలుకేమో అనుకున్నాను.
కాదు, యెట్టె. ఎనిమిదేళ్లది, నా చేతుల్లో పుట్టింది.
పక్కకు పడిపోయి నాలుగు కాళ్లతో
లేని నీళ్లను వెనక్కి తోస్తోంది.

డాక్టర్ వీబ్రెన్ ముందే చెప్పాడు: ముట్టుకోవద్దు,
ఫోన్లో తియ్యండి, మొదలూ చివరా గడియారం చూడండి.
అలాగే తీశాను. నూట పది సెకన్లు.
అందులో నా ఊపిరి వినిపిస్తుంది.
దాని పేరు నేను ఒక్కసారైనా పిలవకపోవడం కూడా
వినిపిస్తుంది.

తర్వాత అది లేచి
గోడ గోడనీ వాసన చూస్తూ తిరిగింది,
అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చినదానిలా.
నా ముందు ఆగింది.
నేనెవరో దానికి గుర్తొచ్చేదాకా
నేనూ ఎవరినీ కాను.

*

పసితనంలో వచ్చే మూర్ఛయితే ఎప్పుడో దొరికిపోయేది.
ఇది ఆగడం తెలిసినది.
ఆరేళ్లు, ఏడేళ్లు గడప బయటే కూర్చుంటుంది.
కుక్క పోటీలకు వెళ్లి రిబ్బన్లు తెచ్చాక,
మూడు కాన్పులయ్యాక,
పిల్లలు పంతొమ్మిది ఇళ్లకు చేరాక,
అప్పుడు తలుపు తడుతుంది.

మా ఫ్రీస్‌లాండ్ కుక్కలు మొదట్నుంచీ కొన్నే.
ఉన్నవాటికి ఉన్నవాటితోనే ముడేశాం,
మేనరికాలు కుదిర్చినట్టు,
ఆస్తి బయటికి పోకూడదన్నట్టు.
నల్ల వీపు, తెల్ల ఛాతీ, నిదానమైన చూపు,
తోక కొసన సున్నం అద్దినట్టు ఒక మచ్చ:
అన్నీ రాసుకున్నాం జాతి పుస్తకంలో.
రాయనిది ఒకటి ఉందని ఎవరికి తెలుసు?
తెలిసినవాళ్లు ఎందుకు చెబుతారు?

*

ఫోన్లు చేశాను.
హిండెలోపెన్‌లో ఒకావిడ, మాదానికి అలాంటివేం లేవని
ఠక్కున పెట్టేసింది. గంటకి తనే చేసి ఏడ్చింది.
లీవార్డెన్ కుర్రాడు, ముసలితనం అనుకున్నామండీ,
రెండేళ్లనుంచీ, అన్నాడు.
ఒకాయన మాత్రం, డబ్బు తిరిగిస్తావా, అన్నాడు.
ఇస్తాను, కుక్కను తెచ్చివ్వండి, అన్నాను.
చాలాసేపు గాలి చప్పుడు.
"అది నాది" అన్నాడు.

నలభై ఒక్క గొట్టాల రక్తం.
ఒక్కోదాని మీద పేరు, తల్లి పేరు, తండ్రి పేరు.
చాలదు, ఇంకా పై తరాలు కావాలంటాడు వీబ్రెన్.
మట్టిలో కలిసినవాటి రక్తం
ఎక్కణ్నుంచి తేను?

*

ఔకె తాతకి తొంభై ఒకటి.
గట్లు తొలిచే చుంచెలుకల్ని పట్టి
వాటి తోళ్లమ్ముకుని బతికినవాడు.
అటక మీంచి నోటుబుక్కులు దింపించాడు.
ఏ తోలుకెంత, గాలి ఎటు, మంచు ఎంత మందం,
అన్నీ పెన్సిల్‌తో.

నవంబరు. తోళ్లు పధ్నాలుగు. కాలవ అంచున మంచు.
సాయంత్రం బావ్కె నేలమీద ఈదింది.

అదే మాట జనవరిలో. మార్చిలో రెండుసార్లు.
ఆపైన ఆ పేరే లేదు.

బావ్కె.
మా హాల్లో వెండి కప్పు మీద చెక్కిన పేరు.
నేను చేసిన ఏ కాన్పు తీసుకున్నా
పైకి వెళితే రెండు దారుల్లో తగిలే మగకుక్క.
"మర్నాడు లేచి పనికొచ్చేది కదమ్మా,"
అన్నాడు తాత, "అంతకంటే నాకేం కావాలి?"
కాసేపాగి, "మీ నాన్నకి చెప్పాను.
ఎవరితోనూ అనకు ఔకె అన్నాడు.
ఇంకో కప్పు కాఫీ పోశాడు."

*

ఆడవాటికి గుండ్రం, మగవాటికి చదరం.
జబ్బున్నదాన్ని ఎర్రగా నింపాలి.
చిన్న చదరం. సిరా ఎంతో పట్టదు.
కింద, పెంపకందారు అన్నచోట
మా నాన్న దస్తూరి, ముచ్చటగా, ఒంపుల్తో.

కప్పు ఈ ఏడు తోమలేదు.
దాన్నేం చెయ్యాలో కూడా తెలియదు.

ఉదయం ఏడుకి, రాత్రి ఏడుకి
చీజు ముక్కలో దాచి మాత్ర పెడతాను.
మాత్ర సంగతి యెట్టెకి తెలుసు,
నా మొహం చూసి మింగేస్తుంది.

నిన్న నిద్రలో దాని పాదాలు కదిలాయి.
గడియారం చూశాను.
తర్వాత పేరు పిలిచాను.
చెవి కదిలింది.
కలే, ఇంకా.