ఋణ సంఖ్య

మాది ఫ్రీస్‌లాండ్, ఉత్తర సముద్రపు గట్టు వెనక.
వంతెన కింద కొలబద్ద మీద
అంకెలన్నిటికీ ముందు ఒక చిన్న అడ్డగీత.
సముద్రం సున్నా అయితే
మా పచ్చిక మైనస్ నూట నలభై.
మా బడి, మా సమాధులు,
సైబ్రిచ్ మామ్మ పొయ్యి మీద కాగే పాలు
అన్నీ సున్నాకి కిందే.
లెక్కల్లో దీన్ని ఋణ సంఖ్య అంటారు.
ఎవరికి బాకీయో
గాలి వీచినప్పుడల్లా వినబడుతుంది.

నా ఉద్యోగం నీటి మండలిలో.
తెల్లారకముందే సైకిలెక్కి
పద్నాలుగు కొలబద్దలు చదవడం,
ఒక తలుపు బెత్తెడు ఎత్తడం, ఇంకోటి దించడం.
కార్తెలు మారినా పని మారదు.

ఆ బెత్తెడు కోసమే
ఈ ఊళ్లో మాటల్లేని ఇళ్లున్నాయి.
దించమంటాడు వీబ్రెన్,
ట్రాక్టరు చక్రం ఇరుసు దాకా దిగబడుతోందని.
ఎత్తమంటుంది పంతులమ్మ హిల్క్యే,
ఆమె ఇల్లు నిలబడింది చెక్క దుంగల మీద:
తడి ఆరితే దుంగ పుచ్చుతుంది,
దుంగ పుచ్చితే గోడ నోరు తెరుస్తుంది.
పిట్టల లెక్క రాసే కుర్రాడొకడు
ఉల్లంకి పిట్ట ముక్కు దిగేటంత మెత్తటి నేల కావాలంటాడు.
మండలిలో నాలుగు గంటలు మాట్లాడుకున్నాం.
కాఫీ ఏడు దఫాలు.
తేలింది నాలుగు సెంటీమీటర్లు, పైకి.
బయటికొచ్చాక వీబ్రెన్
నా సైకిలు సీటు మీది వాన నీళ్లు
తన టోపీతో తుడిచి
పలకరించకుండా వెళ్లిపోయాడు.

జనవరి పదకొండు. వాయవ్యం గాలి.
ఆటు వేళ సముద్రం దిగితేనే మా తూము తెరుచుకునేది.
రోజుకి రెండు మార్లు వాకిలి తీసి
కురిసిన వానని సాగనంపుతాం.
ఆ రాత్రి సముద్రం దిగలేదు.
గాలి దాని వీపు మీద చెయ్యేసి
ఇటుకేసే తోస్తోంది.
పంపులు మూడూ తోడుతూనే ఉన్నాయి,
తోడిన నీళ్లన్నీ పెద్ద కాలవలోకే.
ఎప్పుడూ మైనస్ యాభై రెండు దగ్గర పడుకునే కాలవ
మైనస్ ముప్పై.
మైనస్ పంతొమ్మిది.
ఋణం తగ్గేకొద్దీ గుండె దడ పెరిగే లెక్క
లోకంలో ఇదొక్కటేనేమో.
పోయిన చలికాలం నీటెలుకలు తొలిచిన చోట
కట్ట చెమర్చింది.
కట్టకి అవతల పట్నం,
పదకొండు వేల ఇళ్లు, ఆస్పత్రి, దాని నేలమాళిగలో జనరేటర్లు.
ఇవతల వీబ్రెన్ పచ్చిక.

ఆరేళ్ల కిందట అతను సంతకం చేసిన కాగితం
బీరువాలో ఉంది: "అవసరమైతే ముంచుకోవచ్చు."
రాత్రి రెండూ ఇరవైకి ఫోనొచ్చింది.
తెరవండి, అన్నారు.
మీట నొక్కాను. మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది.
ఆరేళ్ల తుప్పు.

చేతిచక్రం పట్టుకుని ఊగులాడుతుంటే
గట్టు మీంచి లాంతరు వచ్చింది.
ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.
"గొర్రెల్ని సాయంత్రమే ఎక్కించేశాను,
ఒక్క కుంటిది మిగిలింది, అదిగో భుజం మీద," అన్నాడు.
దాన్ని నా కారులో పడుకోబెట్టి
చక్రానికి అవతలి వైపు నిలబడ్డాడు.
నూట పన్నెండు చుట్లు. ఇద్దరం లెక్కపెట్టాం,
ఆయన ఫ్రీసియన్‌లో, నేను లోలోపల.
నాలుగు సెంటీమీటర్లకి అలిగిన మనిషి
నడుములోతు నీళ్లు తన గడ్డిలోకి
తన చేత్తోనే తిప్పుకున్నాడు.
చీకట్లో నీరు గడ్డిని వంచుతుంటే
పెద్ద గుడ్డ ఎవరో మెల్లగా చింపుతున్న చప్పుడు.

తెల్లారింది.
కంచె గుంజల తలలు వరసగా తేలాయి.
వాటి మధ్య ఎక్కణ్ణించో దిగిన హంసలు
తమదే అన్నట్టు తిరుగుతున్నాయి.
"వీటికి అద్దె కట్టించండి," అన్నాడు వీబ్రెన్,
నవ్వలేదు.
పట్నంలో ఒకటొకటిగా దీపాలు వెలిగాయి,
ఎవరో బ్రెడ్డు కోసుకుంటూ ఉంటారు,
రాత్రి గాలి బాగా వీచింది కదూ అనుకుంటూ.

రిజిస్టరు తీశాను.
మైనస్ ముప్పై ఒకటి, అని రాశాను.
పక్కన 'వివరణ' అని ఒక గడి ఉంటుంది.
చాలాసేపు పెన్ను అక్కడే ఆగింది.
కారులో కుంటి గొర్రె అరిచింది.
"గాలి తగ్గింది," అని రాసి
మూత పెట్టాను.