సెమిలిగుడలో కాఫీ గుండ

బదిలీ ఉత్తర్వులో కాఫీ సంగతి ఎవరూ రాయరు.
శృంగవరపుకోటలో రైలెక్కితే ఒక్క పూట ప్రయాణం,
అయినా సొరంగాలు దాటేసరికి
నాలుక మీద రాష్ట్రం మారిపోతుంది.

బజార్లో అడిగాను.
కొట్టతను మేకుకి వేలాడే పొట్లాల దండ చూపించాడు,
ఒక్కోటి రెండు రూపాయలు.
ఇది కాదు, గుండ, ఫిల్టర్లో వేసేది, అన్నాను
చేతులతో ఫిల్టరు గీసి మరీ.
బాగా ఆలోచించి ఆవపొడి తీసిచ్చాడు.

మొదటి ఆర్నెల్లూ గార్డు త్రినాథరావు మోశాడు,
కిరండూల్ పాసింజర్లో, తన క్యారేజీ పక్కన పావుకిలో.
డుమురిపుట్ స్టేషన్లో చెయ్యి చాపి అందుకునేదాన్ని.
వానాకాలం కొండచరియ దిగొచ్చి
పట్టాల మీద కూర్చుంది, పద్దెనిమిది రోజులు.
పదో రోజుకి ఖాళీ డబ్బా మూత తీసి
వాసన పీల్చి బ్యాంకుకి వెళ్ళేదాన్ని.
సిగ్గే. ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను.

విడ్డూరం ఏమిటంటే
నా క్యాషు కౌంటరు వెనక కిటికీ తెరిస్తే
కొండంతా కాఫీయే.
సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన
ఎర్రబడి, ఎండి, గోనెల్లో కూరుకుని
నా కళ్ళ ముందే లారీ ఎక్కుతుంది.
ఎక్కడికి బాబూ అంటే డ్రైవరు గడ్డంతో చూపించాడు:
కిందికి.
కిందంటే మా కోటే కావచ్చు.
త్రినాథరావు పైకి మోసుకొచ్చేది
దీన్నే కావచ్చు.

సొంబారి హంతాళ్ తోటలో పళ్ళు కోస్తుంది.
కూలి డబ్బులు పడ్డాయా అని వచ్చింది.
పడలేదు అన్నాను, మూడోసారి.
కోపగించుకోలేదు. కొంగుముడి విప్పి
దోసెడు గింజలు కౌంటరు మీద పోసింది,
ఊళ్ళో నా వెతుకులాట
ఆమెదాకా ఎలా పాకిందో మరి.

మా నాన్న బస్టాండు హోటల్లో కాఫీ మాస్టరు.
వేయించేటప్పుడు మూకుడు వైపు చూసేవాడు కాదు, వినేవాడు.
మొదటి చిటపట గింజది, రెండోది మనది, అనేవాడు.
అర్థం ఇప్పటికీ తెలీదు.
నేను రెండోది దాటాక కూడా వింటూ నిలబడ్డాను.
పొగ చూసి పక్కింటి మొహంతి గారు
నీళ్ళ బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు.

పిండిమర వాడు ఆడించనన్నాడు.
కాఫీకి కారం ఘాటు అంటుతుందని కాదు,
తన కారానికి కాఫీ అంటుతుందని.
రోట్లో దంచాను. బరక.
ఫిల్టర్లో పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగిపోయాయి.
మళ్ళీ దంచాను, పైట చెంగుతో జల్లించాను.
రాత్రంతా ఒక్కో చుక్కా.

డబ్బులు పడిన రోజు సొంబారిని ఇంటికి పిలిచాను.
ఇత్తడి గ్లాసులో, నురగ తెప్పించి ఇచ్చాను.
ఒక్క గుక్క తాగింది. మొహం ముడుచుకుంది.
"పితా" అంది.

ఒడియాలో చేదుకి ఆ మాట.
తెలుసు. అయినా అర క్షణం
గళ్ళ తువ్వాలు భుజాన వేసుకుని ఎవరో వచ్చి
గిన్నె మూత ఎత్తి చూసినట్టయింది.

పండు చప్పరిస్తే తియ్యన, అంది సొంబారి.
కోతల్లో నోటినిండా వేసుకుంటాం. గింజ ఊసేస్తాం.
మేం ఊసేసింది మాడ్చుకుని తాగుతారా మీరు?
చాలాసేపు నవ్వింది.
నేనూ నవ్వాను, కొంచెం వెనకబడి.

గ్లాసు మాత్రం ఖాళీ చేసింది,
నా మొహం చూసి కాబోలు.
గడప దగ్గర చెప్పులేసుకుంటూ అడిగింది:
ఆ రెండు రూపాయల పొట్లం ఉందా?
మా చిన్నదానికి ఇష్టం.

పోపులపెట్టె అడుగున నాలుగున్నాయి,
ఉన్నాయని నాకు నేనే ఒప్పుకోనివి.
రెండు ఇచ్చాను.
రెండు ఉంచుకున్నాను,
ఆషాఢం వస్తోంది, ఆ కొండని నమ్మలేను.