ఒక పాయింట్

ఇరవై రెండేండ్లు బంగారుపాళెం పాలకేంద్రంలో
తెల్లారుజామున నాలుగున్నరకి తలుపు తీసినోణ్ణి.
లాక్టోమీటరు మునిగే తీరు చూసి
ఏ ఇంటి బిందెలో ఎన్ని చెంబుల నీళ్ళు కలిసినాయో చెప్పేవాణ్ణి.
అంకె అంటే నాకు దేవుడితో సమానం.
కాదు, దేవుడికన్నా రొంత ఎక్కువే.
దేవుడు అప్పుడప్పుడు చూసీచూడనట్టు పోతాడు.

ఇప్పుడు వారానికి మూడుసార్లు
చిత్తూరు బస్సెక్కి నేనే బిందెనై పోతాండా.
నాలుగు గంటలు నా రక్తం బయటికి పోయి
స్నానం చేసుకొని ఇంటికొస్తుంది.
నెలకోసారి చీటీ.
భాస్వరం: ఏడు పాయింట్ ఒకటి.
ఐదున్నర దాటకూడదంట.

భాస్వరం అంటే నాకు తెలిసింది ఎరువు మూట.
ఆ వారంలోనే తమ్ముడు చెంగల్రాయుడికి
చెనిక్కాయ చేను మట్టి పరీక్ష చీటీ వచ్చింది.
భాస్వరం తక్కువ.
రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి
"అన్నా, నిన్ను చేన్లో నాటితే సరిపోతాది కదా"
అని నవ్వబోయి
సగంలో ఆపి, అగ్గిపెట్టె వెతుక్కున్నాడు.

రాత్రిళ్ళు దురద.
గోకితే అందే చోట ఉండదు.
చర్మానికీ ఎముకకీ నడుమ ఎవరో ఉప్పురాయి దొర్లించినట్టు.
ఎనుముని తోమే కొబ్బరిపీచు తెచ్చి
రెడ్డెమ్మ వీపు తోముతుంది, మాట్లాడదు.
ఎనుమైతే తోకన్నా ఆడించేది.

గ్లోరీ సిస్టర్ చెప్పింది:
రక్తంలో అది పెరిగితే
ఎముకల్లోని సున్నాన్ని లాగేస్తుందంట,
లాగిన సున్నం పోయి రక్తనాళాల గోడలకి పట్టుకుంటుందంట.
ఏ పండగా లేకుండానే
లోపల ఎవరో వెల్ల వేస్తాండారు.

"మిషను తీసేది కొంతే. మిగతాది నోటి కాడే ఆగాల."
ఏం తింటావని అడిగింది.
సంగటి, ఊరిబిండి, పితికిపప్పు, రెండు గ్లాసుల పాలు...
నేను చెప్తాంటే రాసుకునేది మానేసి నా మొగం చూసింది.
గొంతు తగ్గించి, బస్టాండులో తాగే నల్ల డ్రింకు సంగతీ చెప్పినా.
"పప్పులో ఉండేది కొంతే ఒంటికి పడుతుంది,
సీసాలో కలిపింది దాదాపు అంతా పడుతుంది."
కల్తీ.
ఆ మాట నాకు విడమర్చి చెప్పాల్సిన పన్లేదు.

మాత్ర తిన్నాక కాదంట, ముద్దల నడుమ వేసుకోవాలంట.
మూడు నెల్లుగా నేను తిని, చెయ్యి కడుక్కొని,
వాకిట్లో కూర్చొని తీరిగ్గా వేసుకునేవాణ్ణి.
పాలు వ్యానెక్కి పోయినాక లాక్టోమీటరు ముంచినట్టు.

పోయిన నెల రక్తం తీసే పిల్ల షాహీనాని అడిగేసినా:
"ఒక పాయింట్ తగ్గించి రాయమ్మా, డాక్టరు తిడతాడు."
మాట బయట పడినాక
ఆ గొంతు యాడనో విన్నట్టనిపించింది.
చిన్నపాపమ్మది.
మొగుడు మంచాన పడిన ఏడు, ఆవు పాలు తెచ్చి,
"ఒక పాయింట్ ఎక్కువేసి రాయి నాయనా, నీకేం పోతాది?"
మూడు పాయింట్ ఒకటి. ఉన్నదే రాసినా.
అది తప్పని ఇప్పటికీ అనుకోను.
అనుకోకపోయినా, దురద రాత్రుల్లో
ఆమె ఖాళీ బిందె మోత వినిపిస్తాంటాది.

షాహీనా నవ్వలేదు.
ట్యూబు మీద నా పేరు అంటించి
"అంకె నాది కాదు తాతా, మీదే" అనింది.

ఇప్పుడు ఒక ముద్ద, మాత్ర, ఇంకో ముద్ద.
ఊరిబిండి వేలికొసంత.
కొలిచి పెట్టేది రెడ్డెమ్మ, నాకన్నా కఠినం.
ఈ నెల ఆరు పాయింట్ రెండు.
చెంగల్రాయుడి చేను ఇంకా అడుగుతానే ఉంది, రెండు మూటలు.

పొద్దున ఎనుము పాలు పిండి తెస్తే
గ్లాసు ముక్కు కాడ పెట్టుకొని తాగకుండా ఇచ్చేస్తా.
"ఆరు పాయింట్ ఎనిమిది" అంటా.
"పాలదా, నీదా?" అంటుంది రెడ్డెమ్మ,
నా జవాబుకి ఆగకుండా
గ్లాసు ఎత్తి తాగేస్తుంది.