చెయ్యి తిరగడం

షెఫీల్డులో, ఒకప్పుడు చెంచాలకు మెరుగుపెట్టిన షెడ్డులో
ఇప్పుడు నాలుగు వంటిళ్లు కట్టారు.
ఒక్కదానికీ పైకప్పు లేదు.
కుళాయిలో నీళ్లొస్తాయి, పొయ్యి మండుతుంది,
ఫ్రిజ్జులో గుడ్లుంటాయి.
ఆకలేసి వచ్చేవాళ్లే ఎవరూ ఉండరు.

తొమ్మిదింటికి గ్లౌజులు తొడుక్కుంటాను.
వేలికొక వైరు, మణికట్టుకొక దీపం,
నుదుటి మీద కెమెరా, బొట్టుకి కాస్త పైన.
గంటకి పదమూడు పౌన్లు.
పని, గిన్నె కడగడం.
మళ్లీ మురికి చేసి మళ్లీ కడగడం.
మొదటి వారమంతా టవళ్లే,
మడిచినవి విప్పి, విప్పినవి మడిచి.
ఇక్కడ ప్రతి మడతకీ ఒక నంబరుంది.
ఇరవై రెండేళ్లు ఇంట్లో మడిచినవాటిని
ఎవరూ లెక్కపెట్టలేదు,
నేను కూడా.

పక్క వంటింట్లో డోరీన్.
వాళ్ల అమ్మమ్మ ఈ వీధిలోనే
ఒంటికి గోధుమరంగు కాగితాలు చుట్టుకుని
ఫోర్కులకు మెరుగుపెట్టేదట,
సాయంత్రానికి కళ్లు తప్ప అన్నీ నలుపే.
డోరీన్ ఒంటిచేత్తో గుడ్డు పగలగొడుతుంది,
పెంకు నలుసు కూడా పడదు.
"ఎలా?" అని కల్లమ్ అడిగితే
"ఎలా ఏముంది, అంతే" అంది.
ఆ అంతేని రాసుకోవడానికి
అతని పట్టికలో గడి దొరకలేదు.

మరచేతికి వాళ్లు అంకెల పేరు పెట్టారు.
నేను బుజ్జోడు అంటాను.
దాని మణికట్టు గిరగిరా చుట్టూ తిరుగుతుంది,
మన చేతికి చేతకానంత.
అయినా చెయ్యి తిరగలేదు.
ఈ మాట కల్లమ్‌కి చెప్పబోయి ఆగిపోయాను,
ఇంగ్లీషులో రెండూ తిరగడమే అయిపోతాయి.
ఉడికిన బంగాళాదుంపని నుజ్జు చేసింది.
గ్లాసుని పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేసింది.
ఉప్పు వెయ్యమంటే డబ్బా వొంపింది.
"తగినంత" అంటే ఎన్ని గ్రాములని
నన్ను నిలదీశారు.

తొమ్మిదో వారం, పొయ్యి మీంచి టీ గిన్నె దించింది.
చుక్క ఒలకలేదు. చప్పట్లు కొట్టాం.
కల్లమ్ మాత్రం తెరమీద మళ్లీ వేసి చూశాడు.
"ఆ బొటనవేలు అలా ఎడంగా ఎందుకు పెడుతోంది?
దానికి కాలదు కదా."

నా వీడియోలు తీశారు.
ప్రతిదాంట్లో అదే వేలు, అదే ఎడం.
"ఎప్పుడైనా కాలిందా?" అన్నాడు, గొంతు తగ్గించి.

నాకు కాలలేదు.
కాలింది మా పిన్నికి.
బొబ్బిలి బస్టాండు వెనక టిఫిన్ బండి,
ఇడ్లీపాత్ర మూత తీస్తుంటే ఆవిరి కొట్టింది.
ఆ వేలు మళ్లీ సరిగ్గా వంగలేదు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్లు,
పక్కన కూర్చుని ప్లేట్లు కడిగేదాన్ని.
ఆమె ఎలా పట్టుకుంటే అలా పట్టుకున్నాను.
నాకెవరూ ఏమీ నేర్పలేదనే
అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

కల్లమ్ మంచివాడు.
"తప్పేం లేదు, పట్టు తగ్గుతుంది, అంతే" అన్నాడు.
అరవై ఒక్క రికార్డింగులు పక్కన పడేశారు.
"అవి ఎక్కడికి పోతాయి?" అంటే
"ఎక్కడికీ పోవు" అన్నాడు.
వాటికీ కూలి ఇచ్చారు.

సోమవారం నుంచి వేలు ఆనించి పట్టుకోమన్నారు.
ఆనించాను.
గ్లౌజులోంచి వేడి తెలియదు.
తెలిసినట్టే ఉంది రోజంతా.
ఇంటికెళ్లేటప్పుడు ట్రాములో కమ్మీ పట్టుకుంటే
బొటనవేలు దానంతటదే దూరం జరిగింది.

మర్నాడు టీ విరామంలో
డోరీన్ తన వేళ్లకేసి చాలాసేపు చూసుకుంది.
వాళ్ల అమ్మమ్మకి చూపుడువేలి గోరు ఉండేది కాదట.
"గుడ్డు కొట్టేటప్పుడు నేను ఆ వేలు వాడను.
ఇప్పుడే గమనించాను.
కల్లమ్‌కి చెప్పకు."

చెప్పలేదు.
అద్దానికి అవతల
బుజ్జోడు ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు.